పగ మిగిల్చిన దీవి

తాండూరు అవతల రెండు నాపరాయి గనుల నడుమ తవ్వని బండ ఒకటుంది. హద్దు తగవుతో చెరో గని ఉన్న భీమప్ప, అనంతయ్య అనే అన్నదమ్ములు ముప్పై ఏళ్ళుగా దాన్ని ముట్టలేదు, ఒకరినొకరు ముట్టనివ్వలేదు. చుట్టూ గుంతలు లోతైనకొద్దీ అది దీవి అయింది. దాని తుప్పల్లో నల్లంచి పిట్టలు కాపురముంటాయి.

వికారాబాద్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే శ్యామల అనంతయ్య కూతురు. సముద్రపు దీవుల్లో ఒంటరైన పిట్టల రూపం మారడానికి వేల ఏళ్ళు కావాలనీ, పెద్దల నుంచి పిల్లలు నేర్చే పాట మాత్రం కొన్ని తరాల్లోనే దారి మళ్ళుతుందనీ ఆమె పాఠం చెబుతుంది. ఆ మలుపును ఇంటి గనిలోనే చెవులారా విన్నది. అనంతగిరి కొండల్లోని నల్లంచి పాటను ఫోన్‌లో వినిపిస్తే ఈ బండ మీది మగపిట్ట తల కూడా తిప్పలేదు. ఇక్కడి పాట వినిపిస్తే తోక నిక్కబొడుచుకుని మీదికొచ్చింది.

ఒక ఆదివారం అన్నదమ్ములు కలిసిపోయారు. భీమప్ప ఇంట్లో మటన్ వండారు. ఎల్లుండి నడుమ బండకు రాయి కోసే మిషన్ పెడతారని శ్యామలకు అన్నం ముందు కూర్చున్నాకే తెలిసింది. గూళ్ళలో ఇంకా పిల్లలున్నాయి.

"నెలన్న ఆగు నాయినా. పిల్లలు ఎగరనీ."

"అనంతగిరిల మస్తు చెట్లున్నయి. గూళ్ళు పట్టుకపోయి ఆడ పెట్టు," అన్నాడు అనంతయ్య.

"ఆడ వాటి పాట ఎవలకు తెలుస్తది?"

"నేర్సుకుంటయి తీ. నేను గుల్బర్గా పోయి కన్నడం నేర్సుకోలే?"

"నీ కన్నడం ఇని ఊరోళ్ళు తలుపులేసుకున్నరు గదరా!" భీమప్ప పకపకా నవ్వి, శ్యామల పళ్ళెంలో ముక్క వేశాడు. "పిట్టల కోసం మమ్ముల మళ్ళ కొట్లాడమంటవా బిడ్డా?"

ఆ పాటను పెంచింది వీళ్ళ పగేనని ఆమెకు తెలుసు. ద్వేషం కాపాడినదాన్ని ప్రేమ చంపబోతుంటే, మంచి ఏ పక్కనున్నట్టు? ఆ ప్రశ్న దగ్గర నిలబడే శాంతం ఆమెకు లేకపోయింది. ముద్ద పిడికిట్లో నలిగింది.

"పెద్దనాయినా, హద్దురాయి జరిపింది నువ్వేనని పొద్దున గూడ నాయిన అన్నడు."

భీమప్ప చేయి పళ్ళెంలో ఆగిపోయింది. "అన్నవారా?"

"నవ్వుకుంట అన్న గదనే!" అనంతయ్య కూతురి వైపు తిరిగి అరిచాడు.

నిజమే, కారులో నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు సంగతి శ్యామల చెప్పలేదు. భీమప్ప పళ్ళెం నెట్టేసి లేచాడు. ఇక తన కోపం చల్లారుతుందేమోనని శ్యామల ఎదురుచూసింది. చల్లారకపోగా, తన మీదికి కూడా తిరిగింది. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.