పరుపు మీద మొదటి నిద్ర

పరుపులు కుట్టే పెద్దాయన పడుచువయసులో యుద్ధంలో పట్టుబడి, ఐదేళ్లు ఖైదులో సిమెంటు నేల మీద పడుకున్నాడు. విడుదలై ఇంటికొచ్చేసరికి ముప్పై ఒకటి నిండాయి. భార్య మంచం మీద కొత్త పరుపు పరిచి ఎదురుచూసింది. ఆ మెత్తదనంలో వీపు ఆనించగానే ఎక్కడికో లోతుకి జారిపోతున్నట్టనిపించింది అతనికి. దిగ్గున లేచి నేల మీద చాప వేసుకున్నాడు. ఆమె తన దిండు తెచ్చుకుని పక్కన వాలింది.

"నీకేం ఖర్మ? పైన పడుకో."

"అంత ఎత్తునుంచి మీతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి."

అలా పదకొండేళ్లు గడిచాయి. పగలంతా ఊరివాళ్లందరికీ పరుపులు కుట్టడం, తను మాత్రం చాప మీదే.

ఒక మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేరు. కిటికీలోంచి పడ్డ ఎండలో దూదిపింజలు నెమ్మదిగా తేలుతున్నాయి. కుట్టడం పూర్తయిన పరుపులో ఉండలున్నాయేమోనని అరచేత్తో నొక్కి చూశాడు. తర్వాత మోచేత్తో. తర్వాత చెంప ఆనించాడు. అంతే, రెప్పలు వాలిపోయాయి.

కలలో ఖైదు గోడలన్నీ దూదివే. చెయ్యి పెడితే భుజం దాకా దిగిపోయింది. గోడ అవతల 'పొడుగు' కూర్చుని ఏదో కుడుతున్నాడు. జ్వరంతో ఖైదులోనే పోయిన స్నేహితుడతను; ఎత్తుగా ఉంటాడని అందరూ అలా పిలిచేవాళ్లు. "దారం అందుకోరా" అన్నాడు, నిన్నే కలిసినట్టు. ఇతను అందించాడు. తెల్లటి పింజలు ఇద్దరి మీదా రాలుతూనే ఉన్నాయి.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలిపోయింది. కనుబొమల నిండా దూది. తలుపు ఓరగా మూసి, భార్య గడప మీద కూర్చునుంది.

"ఎంతసేపు పడుకున్నాను?"

"నాలుగు గంటలు. గురక కూడా పెట్టారు. వచ్చినవాళ్లని రేపు రమ్మని పంపించేశాను," అంటూనే ఆమె మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. అతను లేచి వెళ్లి పక్కన కూర్చున్నాడు.

ముప్పై ఏళ్ల తర్వాత, ఖైదు నుంచి తిరిగొచ్చినవాళ్లు ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడానికి ఒక డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని కొట్టుకొచ్చింది.

"బతుకు మీద మీకెంత తృప్తి బాబాయ్ గారూ? పదికి ఎంత వేసుకుంటారు?"

"ఎనిమిది."

"పీడకలలు ఇంకా వస్తున్నాయా?"

"రాకేం తల్లీ! దూరపు చుట్టాల్లా చెప్పాపెట్టకుండా వస్తాయి. కాసేపు కూర్చుని పోతాయి."

"అయినా ఎనిమిదా?"

"తొమ్మిది రాయమ్మా," లోపల్నుంచి భార్య కేకేసింది. "ఆయనకి మొదట్నుంచీ లెక్కలు రావు."

పెద్దాయన పకపకా నవ్వాడు. "రెండూ రాసుకో తల్లీ. బతికింది ఇద్దరం కదా."

కాగితంలో ఒక్క అంకెకే చోటుంది. డాక్టరమ్మ ఇరికించి రెండూ రాసుకుంది.