నాలుగో బొండాం

జలసంరక్షణ అవార్డు వస్తుందో రాదో తేలకముందే స్కూలు కరస్పాండెంట్ తాతాజీగారు గేటుకి ఫ్లెక్సీ కట్టించేశారు. అంత ధీమా ఆయనకి! మగ టీచర్ల టాయిలెట్లో చుక్క నీరు అక్కర్లేని యూరినల్ బేసిన్లు పెట్టించారు మరి. ఆడవాళ్ళకి అలాంటివి కుదరవని కంపెనీవాడు చెప్పాడు. దాంతో నీళ్ళ మీటరు తిరక్కుండా వాళ్ళ టాయిలెట్‌కి తాళం వేసి, లోపల విరిగిన బెంచీలు పడేయించారు. ఆడ టీచర్లు ఎదురింటి లోవమ్మ దొడ్లోకి వెళ్ళొస్తున్నారు. ఆ నీళ్ళు లోవమ్మవి కదా, ఈయనకేం!

అవార్డు కమిటీ తరఫున పరిశీలనకి ఆశాజ్యోతి మేడం వచ్చారు. ఎండన పడి వచ్చిన మనిషికి తాతాజీగారు కారు దిగగానే బొండాం కొట్టించారు.

"రెండోది లేత కాయండి. మూడోది మా చెట్టుదండి, వద్దంటే నా మీద ఒట్టే!"

అతిథిని ఒంటరిగా తాగనివ్వడం మర్యాద కాదని ఆయనా కాయకి కాయ తాగారు.

బేసిన్లన్నీ చూసి, "బాగున్నాయండి. లేడీస్ టాయిలెట్ ఎటు? చూడ్డానికి కాదు, వెళ్ళడానికి," అన్నారు మేడం.

మూడు బొండాలు తాగిన తాతాజీగారి నోరు ఒక్కసారిగా ఎండిపోయింది. "అదీ... స్టోర్ రూమ్ చేశామండి."

"మేం వెళ్ళేచోటికి రండి మేడం," అంటూ దేవకుమారి టీచర్ ఆవిడని రోడ్డు దాటించింది.

తిరిగొచ్చిన మేడం మొహంలో నవ్వు లేదు. "ఈ టీచర్లు ఇంటి దగ్గర టీ కూడా మానేసి వస్తున్నారటండి. మీరు మిగిల్చింది వాళ్ళు తాగాల్సిన నీళ్ళు!" అని మగవాళ్ళ టాయిలెట్‌కీ తాళం వేయించి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. "వాళ్ళ టాయిలెట్లో నీళ్ళొచ్చాకే ఇది తెరుస్తాను. అవార్డు సంగతి ఆ తరవాత."

"ప్లంబరు సామర్లకోట నుంచి రావాలండి!"

"రానివ్వండి. కూర్చుంటాను."

మేడం కూర్చున్నారు గానీ తాతాజీగారు కూర్చోలేకపోయారు. కాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగి, ఇక లాభం లేదని పంచె సర్దుకుంటూ రోడ్డు దాటారు.

ఇంటర్వెల్ బెల్లు అప్పుడే కొట్టారు. లోవమ్మ దొడ్లో ఆడ టీచర్లంతా వరసలో ఉన్నారు. ఆయన్ని చూసి ఒక్కరూ కదల్లేదు.

లోవమ్మ మాత్రం గబగబా కుర్చీ తెచ్చి వేసింది. "తమరు మా ఇంటికి రావడమేంటండి బాబూ! వరస వచ్చేదాకా లేత బొండాం పుచ్చుకోండి. వద్దంటే నా మీద ఒట్టే!" అంటూ కత్తి అందుకుంది.