మాస్టారి కుడికాలు

తన నోరు ఎంత దూకుడో కాలు అంత నిదానమని మాస్టారి నమ్మకం. పద్దెనిమిదేళ్ళుగా డ్రైవింగు స్కూలు నడుపుతున్నారు. స్కూలంటే ఒక గది, ఒక బల్ల, ఒక పాత కారు. ఆ కారులో నేర్చుకునేవాళ్ళకి ఉన్నట్టే పక్క సీటులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. "వాడు గోడెక్కబోతున్నప్పుడు తప్ప నా కాలు కదలదు. నేను నోటితో నడిపిస్తాను," అనేవారు. ఆ నోటి ధాటికి గేరు మార్చడం నేర్చుకుందామని వచ్చి ఊరే మార్చేసినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు ఆ కారులో ఆయన భార్య నేర్చుకుంటోంది. ఆవిడ రక్తపరీక్షల లాబులో పనిచేస్తుంది. ఊరికి అవతలి కొసన తెరుస్తున్న కొత్త లాబుకి ఆవిడనే ఇన్‌చార్జిగా వేస్తామన్నారు. పొద్దున్న ఐదున్నరకల్లా అక్కడ ఉండాలి. ఆ వేళకి బస్సులు ఇంకా షెడ్డులో గుర్రుపెడుతుంటాయి. నెలాఖరులోగా డ్రైవింగు టెస్టు పాసైన కాగితం చూపిస్తే ఆ కుర్చీ ఆవిడది, లేకపోతే ఇంకొకరిది.

టెస్టు రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకటే కారణం, ఆగమన్న గీత దాటాక ఆగింది.

"నా పక్కనుంటే గీసినట్టు ఆపుతావు. ఇన్‌స్పెక్టరు ఎక్కగానే బెదిరిపోతావు. నీ భయమే నీకు అడ్డం," అని మాస్టారు తేల్చేశారు.

ఆ మాటకి మొదట ఆవిడకి ఒళ్ళుమండింది. రెండోసారి తప్పాక నిజమేననిపించింది. గింజుకునే పసిపిల్ల చేతిలో కూడా మొదటి గుచ్చుకే నరం దొరకబుచ్చుకునే మనిషి, "నేను ఉత్త పిరికిదాన్ని" అని నలుగురితో చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు కూరగాయలు తరుగుతూ, "ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం వద్దని రాసిచ్చేస్తాను," అంది.

ఇంతలో టెస్టులు పెట్టే ఆఫీసు ఒక నియమం తెచ్చింది. స్కూలు కార్లలో పక్క సీటు పెడళ్ళకి బజరు ఉండాలి. పక్కవాడు కాలు ఆనిస్తే అది మోగాలి. ఆ పని మాస్టారు బావమరిదికి అప్పగించారు. ఇంట్లో అతన్ని ఫ్యూజు అంటారు, చిన్నప్పుడు ఇంటి ఫ్యూజులన్నీ అతని చేతి మీదుగానే పోయాయి కాబట్టి. పగలు బీమా ఆఫీసులో కాగితాలు, సాయంత్రం సరదాకి తీగలు. వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే అరుస్తుంది, నీళ్ళ ట్యాంకు నిండితే అరుస్తుంది, ఇవన్నీ అరుస్తున్నాయని వాళ్ళావిడ అరుస్తుంది.

ఆదివారం పొద్దున్న ఫ్యూజు గంటసేపు కారులో తల దూర్చి బజరు బిగించాడు. పనిచేస్తోందో లేదో చూద్దామని ముగ్గురూ బయల్దేరారు. స్టీరింగు దగ్గర ఆవిడ, పక్కన మాస్టారు, వెనక ఫ్యూజు.

వీధి మలుపులో బజరు కుయ్యిమంది.

"తీగ ఎక్కడో తగుల్తున్నట్టుందిరా," అన్నారు మాస్టారు.

"తగలట్లేదు బావా."

మందుల షాపు ముందు స్కూటరు అడ్డొచ్చింది. కుయ్. స్పీడుబ్రేకరు దగ్గర కుయ్. ఎర్రదీపం ఇంకా పడకముందే కుయ్.

"నీ బజరుకి ఉయ్యాల కట్టాలిరా. ఊరికే ఏడుస్తోంది."

"అది ఊరికే ఏడవదు. ఎవరో తొక్కితేనే ఏడుస్తుంది. ఒకసారి నీ కాలు చూసుకో బావా."

మాస్టారు వంగి చూసుకున్నారు. కుడికాలు బ్రేకు మీద ఉంది, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు, చెప్పుతో సహా. ఎప్పుడు వెళ్ళిందో ఆయనకే తెలియదు.

ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. తిన్నగా స్కూలు వెనక మైదానంలోకి పోనిచ్చింది. అక్కడ నేల మీద సున్నపు గీతలు, ఖాళీ డ్రమ్ములు ఉంటాయి. "ఇప్పుడు కాళ్ళు పైన పెట్టుకోండి," అంది. మాస్టారు సీటులోనే బాసింపట్టు వేసుకున్నారు. ఆవిడ రోజూ తొక్కే చోటే, రోజూ తొక్కినంతే బ్రేకు తొక్కింది. కారు గీత దాటి, రెండు గజాలు పోయి, డ్రమ్ముకి తగిలి ఆగింది. డ్రమ్ము టంగుమంది.

ఆవిడకి కాలం కలిసిరాలేదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఇన్నాళ్ళూ కలిసొచ్చింది మాస్టారి కాలు.

ఫ్యూజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, అక్కడేదో తీగ వేలాడుతున్నట్టు.

"నేను రోజూ తొక్కేది ఇంతే," అంది ఆవిడ. "మిగతాది మీరన్నమాట."

"నాకు తెలీదు. నిజంగా."

"నాకు భయమన్నారు."

"అన్నాను."

"నేనూ నమ్మాను. లాబులో అందరికీ చెప్పుకున్నాను."



"తొక్కడం వేరు, తొక్కిపెట్టడం వేరు బావా," అని వెనకనుంచి ఫ్యూజు గొణిగాడు.

"నువ్వూరుకో," అంది అక్క. మళ్ళీ మాస్టారితో, "నేర్చుకోవడానికొచ్చే వాళ్ళందరికీ ఇలాగే తొక్కుతారా?"

ఆయన ఆలోచించారు. మిగతావాళ్ళ దగ్గర తన కాలు ఎప్పుడు కదిలినా ఆయనకి తెలుసు. దాంతోపాటు ఒక తిట్టు కూడా వచ్చేది.

"లేదు. నీకే."

"ప్రేమ అని మాత్రం అనకండి."

"అనను. భయం. నీది కాదు, నాది."

ఆవిడ రివర్సు గేరు వేసింది. "టెస్టుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ కాళ్ళు అలాగే ఉండనివ్వండి."

తొమ్మిది సాయంత్రాలూ మాస్టారు మైదానంలో బాసింపట్టుతోనే కూర్చున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కితే నోటికి పని చెబుదామనుకున్నారు గానీ, అదీ మూసుకోమంది ఆవిడ. మొదటి మూడు రోజులు డ్రమ్ములకి సొట్టలు పడ్డాయి. నాలుగో రోజు కారు గీత మీద ఆగింది. ఆరో రోజు గీతకి జానెడు ఇవతల ఆగింది.

టెస్టు రోజున పక్క సీటులో ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. మాస్టారు, ఫ్యూజు బయట బెంచీ మీద కూర్చున్నారు. ఇరవై నిమిషాలకి కారు తిరిగొచ్చింది. ఆవిడ కాగితం పట్టుకుని నడిచొస్తుంటే మాస్టారు ఫలితం ముఖంలోనే చదవబోయారు. కుదరలేదు. రక్తపరీక్ష రిపోర్టు చేతికిచ్చేటప్పుడు పెట్టుకునే ముఖమే పెట్టుకుంది.

కాగితం మీద పాస్ అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం. 'బ్రేకు అవసరమైనదానికన్నా గట్టిగా తొక్కుతున్నారు.'

"దీన్ని సరిచెయ్యడం ఎంతసేపు," అన్నారు మాస్టారు ఉత్సాహంగా. "రేపట్నుంచి రెండు రోజులు నేను పక్కన కూర్చుని..."

"అక్కర్లేదు." ఆవిడ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "అది పూర్తిగా నేను తొక్కిందే. ఉండనివ్వండి. పదండి, ఒంటిగంటకి లాబు ఆఫీసు మూసేస్తారు."