సగం అల్లిన తల

తోక దువ్వెనతో పాపిడి గీసి, చిటికెడు జుట్టును మూడు పాయలు చేసి, అందులో సవరం కలిపి చెనాయ్ నలభై ఆరో జడ మొదలుపెట్టింది. పొద్దున ఏడింటి నుంచి నిలబడే ఉంది. మడమలు మొద్దుబారాయి. వేళ్ళు మాత్రం వాటి మానాన అవి నడుస్తున్నాయి.

చెనాయ్ అన్న పేరు ఆ రేకుల షెడ్డు సెలూన్లో ఎవరికీ తెలియదు. దక్షిణాఫ్రికాలోని ఈ తెంబీసాలో ఏడేళ్ళుగా ఆమె జోడ్వా. పదహారో ఏట, లింపోపో నది మోకాటి లోతున ఉన్నప్పుడు జింబాబ్వే నుంచి ఇవతలికి నడిచొచ్చింది. ముందు పేరు మార్చుకుంది. తర్వాత మాట, ఆ తర్వాత నవ్వు. ఏ జట్టు గోలు కొడితే ఎగరాలో, ఏ పాటకి భుజాలు ఊపాలో, ఎవర్ని తిడుతుంటే తనూ ఒక మాట కలపాలో అన్నీ పట్టేసింది. ఇప్పుడు కలలు కూడా ఇక్కడి జులూ భాషలోనే వస్తున్నాయి. అందుకు సంతోషించాలో ఏడవాలో ఆమెకే తెలియదు.

కుర్చీలో లిండెల్వా. చెనాయ్ ఈడుదే, ఇరవై మూడు. కాలేజీ చదువై రెండేళ్ళు, ఉద్యోగం లేదు. రేపు ఊరేగింపు ఉంది, దానికి జడలు కావాలి. పరాయిదేశం వాళ్ళు వెళ్ళిపోవాలని తీసే ఊరేగింపు అది. ముందుండి నడిపేవాళ్ళలో ఆమె అన్న ఒకడు. పోయిన వారం వాళ్ళు ఒక చెప్పులు కుట్టేవాడి కొట్టు తగలబెట్టారు. ఆ మనిషి ఏమయ్యాడని ఎవరూ అడగలేదు.

"ఇదీ ఒక పాటేనా? ఎవడో తలుపు బాదుతున్నట్టుంది," రేడియో వంక చూసి మూతి తిప్పింది బల్ల మీద కూర్చున్న మాన్గ్వెన్యా అవ్వ. ఆవిడ జడల కోసం రాలేదు. ఇంట్లో తోచక వచ్చింది.

"మీ కాలం పాటలకి జనం నిద్రపోయేవాళ్ళటగా అవ్వా!" అంది లిండెల్వా.

"నిద్రపోలేదే పిల్లా, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. నీకు అదీ లేకపోయె."

షాపు యజమానురాలు ఖేతివే చీపురు పట్టుకునే పగలబడి నవ్వింది.

"ఎవడ్ని చేసుకోను? పనిలేని వెధవల్నా?" లిండెల్వా మెడ తిప్పబోతే చెనాయ్ తల నిలిపి పట్టుకుంది. "నీకేం, ఇల్లిచ్చారని ముప్ఫయ్యేళ్ళుగా ఆ పార్టీకే ఓటు గుద్దుతున్నావు. మాకేమిచ్చారు? ఉన్న పనులన్నీ బయటోళ్ళు తన్నుకుపోయిరి. అవునా కాదా జోడ్వా?"

"అవును మరి. మన పనులు మనకుండొద్దూ?" అంది చెనాయ్. ఏడేళ్ళుగా అంటున్న మాటే. గొంతు ఎక్కడా తొట్రుపడలేదు.

అవ్వ సంచీలోంచి కాగితం పొట్లం తీసింది. ఇంట్లో ఆవిరి మీద వండిన రొట్టె, ఇంకా మెత్తగా ఉంది. పెద్ద ముక్క తుంచి లేచి వచ్చింది. "పొద్దుట్నుంచి చూస్తున్నా, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నువ్వు. తిను తల్లీ."

ఎవరైనా తల్లీ అని పిలిచి ఎన్నేళ్ళయిందో. చెనాయ్ దువ్వెనను లిండెల్వా జుట్టులో గుచ్చింది. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. రెండు అరచేతులూ దొప్పల్లా ముడుచుకుని, ఒకదానికొకటి అడ్డంగా తగిలి, డొల్లగా రెండుసార్లు మోగాయి. ఆ తర్వాతే చేతులు చాచింది.

నది అవతల ఆడపిల్లలు పెద్దల చేతి నుంచి ఏది అందుకున్నా అలాగే చేస్తారు. చేయకపోతే అమ్మ వేళ్ళ మీద కొట్టేది. నది ఇవతల ఎవరూ అలా చేయరు.

ఖేతివే చీపురు ఆగిపోయింది. అవ్వ చేయి రొట్టెతో గాలిలోనే ఉండిపోయింది. రేడియోలో పాట మాత్రం బాదుతూనే ఉంది.

చెనాయ్ రొట్టె తీసుకుని కిటికీలో పెట్టి, మళ్ళీ జుట్టు పట్టుకుంది. నలభై ఏడు. లిండెల్వా ఫోన్ తీసింది. వీపు వెనక నిలబడి చేసే పని ఇది, కూర్చున్నవాళ్ళ ఫోన్లు వద్దన్నా కంటపడతాయి. ఎవరి మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో తెంబీసాలో చెనాయ్‌కి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

'అన్నా, సెలూన్లో ఒకత్తె ఉంది,' అని బొటనవేళ్ళు రాశాయి. చెరిపేశాయి. నలభై ఎనిమిది. మళ్ళీ రాశాయి. లిండెల్వా తలెత్తి అద్దంలోకి చూసింది. అద్దంలో చెనాయ్ కళ్ళు ఆమె కళ్ళ మీదే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ చూపు తిప్పుకోలేదు. పోయిన డిసెంబర్లో ఆ పిల్ల ప్రేమించినవాడు వదిలేసి పోతే, ఇదే కుర్చీలో ఏడుస్తుంటే, కన్నీళ్ళు తుడిచింది చెనాయే.

లిండెల్వా వేలు నొక్కింది. సందేశం వెళ్ళిపోయింది.

చెనాయ్ నలభై తొమ్మిదో జడ కొస దాకా అల్లింది. తొందరపడలేదు, బిగువు తగ్గించలేదు. దువ్వెనను తర్వాతి పాపిడి దగ్గర గుచ్చింది.

"జడలు ఊడకుండా కొసలు ముంచడానికి నీళ్ళు కాచాలి. కెటిల్ నింపుకొస్తా అక్కా."

"ముందు కుళాయి రావట్లేదు," అంది ఖేతివే నేలకేసి చూస్తూ. ముందు కుళాయి వస్తూనే ఉంది. "వెనకవైపు వెళ్ళు. కోటు వేసుకుపో, చలిగాలి."

అవ్వ కిటికీలో రొట్టె తీసి కాగితంలో చుట్టి ఆమె కోటు జేబులో కుక్కింది. చెనాయ్ మోకాళ్ళు వంచి, ఈసారి తెలిసే, దొప్పలు పట్టి నిదానంగా రెండుసార్లు చప్పట్లు కొట్టింది.

పావుగంటలో నలుగురు మగాళ్ళు వచ్చారు. ముందు లిండెల్వా అన్న.

"ఏదీ?"

లిండెల్వా అద్దంలోంచి వెనక్కి చూసింది. వెనక తలుపు తీసి ఉంది. కుళాయి కింద కెటిల్ నిండి పొర్లుతోంది.

"నిన్నే. నీ జడలెవరు అల్లుతున్నారే?"

"నేనే," అంది ఖేతివే, చీపురు చేతిలో పట్టుకునే.

అన్న చెల్లెలి వంక చూశాడు. చెప్పమన్నట్టు ఆగాడు. లిండెల్వా చేయి మెల్లగా తల మీదికి వెళ్ళింది, దువ్వెనకి తగిలి, అక్కడే ఆగిపోయింది. కుడివైపు నలభై తొమ్మిది జడలు. ఎడమవైపు విరబోసిన జుట్టులో, సగం గీసిన పాపిడి దగ్గర, నిటారుగా గుచ్చి ఉంది తోక దువ్వెన. పట్టు జారకుండా చెనాయ్ దానికి చుట్టుకున్న ఎర్ర దారం, ఆమె బొటనవేలు ఆనే చోట అరిగి తెల్లబడింది.