ఎవరి తాలూకు

మా గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి కనిపిస్తే మంచినీళ్లిచ్చేలోపే అడిగేసే ప్రశ్న ఒకటుంది. ఎవరి తాలూకండీ అని. పేరు తరవాత, చేసే పని తరవాత. ఎవరి తాలూకో తెలిస్తే మిగతాదంతా మేమే కలుపుకుంటాం. ఏ ఊరు, ఎవరింటి అల్లుడు, ఎవరి వియ్యంకుడికి తోడల్లుడు, అన్నీ కలిపి పావుగంటలో మనిషిని వాళ్లింటి గడప దాకా దిగబెట్టేస్తాం. ఇదంతా ఆప్యాయత అని ముప్పై ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

మా ఆయన ఉదయ్‌భాస్కర్‌కి మస్కట్‌లో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. తొంభై ఏడులో నన్నూ తీసుకెళ్లారు. రాజమండ్రిలో నేను స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. అక్కడ నా వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. పిల్లలు లేరు. ఉదయం ఏడింటికి ఆయన వెళ్లిపోతే రెండో అంతస్తు ఫ్లాటు, వంటింటి కిటికీ, కింద వీధి, నేను. ఇంక చేసేదేముంది, చూడటమే.

ఎదురుగా వేపచెట్టు కింద ఒక ముసలాయన రోజూ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నీడ జరిగినకొద్దీ కుర్చీ జరుపుకునేవాడు. ఆయన కుర్చీ చూసి నేను పొయ్యి మీద పప్పు పెట్టేదాన్ని. మలుపులో మలయాళీ కొట్టాయన ఎవరి భాషలో వాళ్లని పలకరించి, అందరికీ ఒకే రకం నల్లబడిన అరటిపళ్లు అంటగట్టేవాడు. అరటిపళ్ల సంతకి పేరుపడ్డ రావులపాలెం పక్కన పుట్టి పెరిగినదాన్ని, నాకు అంటగడితే ఒళ్లు మండేది. సాయంత్రం ఐదింటికి అరబ్బుల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు సంచులు పట్టుకుని వీధి చివర పెద్ద చెత్త డబ్బా దగ్గరికి వచ్చేవాళ్లు. సింహళం వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు. గేటు దాటి బయటికి రావడానికి వాళ్లకున్న సాకు ఆ చెత్త సంచి ఒక్కటే. కొందరు సగం కూడా నిండని సంచులు తెచ్చేవాళ్లు. పారేసి, ఒక పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఇవన్నీ వారానికో ఉత్తరంగా మా అత్తగారు వెంకటరత్నమ్మగారికి రాసేదాన్ని. ఆవిడ రాజమండ్రి దానవాయిపేటలో ఉంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగు మీద కూర్చుని నా ఉత్తరాలు పైకి చదివేవారట. చుట్టుపక్కల ఆడవాళ్లంతా పత్తి వత్తులు చేసుకుంటూ వినేవారట. "నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే వీధి వీధంతా నన్ను అడుగుతోంది" అని రాశారు ఒకసారి. ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఉద్యోగం పోయి కిటికీ దగ్గర కూర్చున్నదాన్ని, నాకూ ఒక పని దొరికిందనుకున్నాను.

రెండో ఏడు ఎదురింట్లోకి కొత్త వంటమనిషి వచ్చింది. అక్కడి ఇళ్లలో పెద్ద వంటిల్లు పెరట్లో విడిగా ఉంటుంది. మా కిటికీలోంచి అదంతా కనిపిస్తుంది. నలభై దాటిన మనిషి. కాళ్లకి పసుపు. మాంసం ముక్క చేతిలోకి తీసుకునే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని పెదాలు కదిపేది. ఆ పెదాలు 'గోవిందా' అంటున్నాయని నాలుగో రోజుకి కనిపెట్టాను. ఆ సాయంత్రం నేను కూడా ఒక చెత్త సంచి పట్టుకుని కిందికి దిగాను.

మనవైపేనా అంటే కోనసీమ అంది. అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"ఎవరి తాలూకండీ?" అన్నాను.

ఆవిడ పేరు రామతులసి. కోటిపల్లి రేవు దాటాక వచ్చే ఊళ్లలో ఒక ఊరు. భర్త శ్రీరామమూర్తిగారు అక్కడి వేణుగోపాలస్వామి గుళ్లో అర్చకులు. గుడి కింద ఉన్న కొబ్బరితోట మీద వాళ్లిద్దరూ బతికేవాళ్లు. తొంభై ఆరు తుఫానులో ఆ తోటలో ఒక్క చెట్టు నిలబడలేదు. ఒక చెట్టు గుడి వంటసాల మీదే పడి కప్పు కూల్చేసింది. మళ్లీ మొక్క పెట్టి కాపుకి రావాలంటే ఏళ్లు. మస్కట్‌లో తెలుగు ఇంజనీర్ల మెస్సులో శాకాహారం వంట అని చెప్పి ఏజెంటు ఈవిడని పంపాడు. దిగాక తెలిసింది, మెస్సూ లేదు, తెలుగువాళ్లూ లేరు.

"ఆయనకి గుడి తప్ప ఇంకోటి తెలీదండి" అంది రామతులసి. "ఏడు తరాల నుంచి వాళ్లదే కైంకర్యం. పొట్టకోసం ఆయన ఇంకో పనికెళితే స్వామిని ఇంకొకరి చేతిలో పెట్టాలి. అందుకని ఆయన అక్కడుండి నేనొచ్చానండి."

నేనడక్కుండానే ఇంకో మాట చెప్పింది.

"ఇక్కడ నేను వండేదేంటో మా ఊళ్లో తెలిస్తే ఆయన్ని గర్భగుడి గడప తొక్కనివ్వరు. మీ దగ్గరే ఉండాలండి ఈ మాట."

ఒట్టు వేశాను. ఆవిడ చేతిలో చెయ్యి వేసి మరీ వేశాను. అప్పుడే చూశాను, ఆవిడ ఎడమ చేతికి ఆరు వేళ్లున్నాయి.

ఆ తరవాత రోజూ కలిసేవాళ్లం. ఆ ఇంటి ఇల్లాలి గురించి ఆవిడ చెప్పిన సంగతి నేను ఎప్పటికీ మరిచిపోను. మొదటి వారం ఈవిడ వట్టి అన్నం, ఉప్పు తిని ఉండటం చూసి ఆ ఇల్లాలు ఎందుకని అడిగిందట. భాష రాక ఈవిడ పైకి చూపించి దండం పెట్టింది. ఆవిడకి ఎలా అర్థమైందో గానీ, మర్నాడు కొత్త గిన్నెలు, చిన్న గ్యాసుపొయ్యి కొనితెచ్చి ఈవిడ గదిలో పెట్టించి, పిల్లలెవరూ వాటిని ముట్టుకోకూడదని చెప్పిందట. వంట పని అయ్యాక రామతులసి తలస్నానం చేసి, ఆ గిన్నెలో అన్నం వండుకుని, ఊళ్లో స్వామికి నివేదించినట్టే నివేదించి తినేది. మడి అనే మాటకి అరబ్బీలో ఏమంటారో నాకు తెలియదు. ఆ ఇల్లాలు మాత్రం ఎవరూ చెప్పకుండానే పాటించింది.

ఇంత సంగతి చేతిలో పెట్టుకుని నేను రాయకుండా ఉంటానా? నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది. అయినా తెలివైనదాన్ననుకున్నాను. పేరు రాయలేదు. ఊరు రాయలేదు. 'మన కోనసీమ తల్లి ఒకావిడ' అని మొదలుపెట్టి ఎనిమిది పేజీలు రాశాను. పెదాల మీద గోవింద నామం, కింద కత్తి, రెండూ రాశాను. ఆరో వేలు రాశాను. రేవు, వేణుగోపాలుడు, వంటసాల మీద పడిన కొబ్బరిచెట్టు, అన్నీ రాశాను, అవి లేకపోతే ఉత్తరానికి రుచి ఉండదని. రాస్తూ ఏడ్చాను కూడా. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి కథ చిన్నప్పుడే విన్నాను. వాడికైనా ఏడుపు రాలేదు.

రెండువేల సంవత్సరం మే నెలలో సెలవు మీద రాజమండ్రి వచ్చాం. బయల్దేరే ముందు రామతులసి, వీలైతే మా ఊరు వెళ్లి స్వామిని చూసి రండి అంది. దిగిన మధ్యాహ్నమే అరుగు నిండిపోయింది. ముసలాయన కుర్చీ ఇంకా జరుపుకుంటున్నాడా, మలయాళీ వాడు ఇప్పుడైనా మంచి పళ్లు ఇస్తున్నాడా అని అందరూ నా వీధిని తమ వీధిలాగే అడుగుతున్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు పక్కింటి చిన్నమ్మాయిగారు గొంతు సవరించుకున్నారు. డెబ్బై ఏళ్లొచ్చినా ఆవిడని అందరూ చిన్నమ్మాయిగారనే అంటారు.

"ఆ వంటావిడెవరో మేం పట్టేశామమ్మాయ్" అన్నారు.

చూశావా నీ ఉత్తరం మహిమ అన్నట్టు మా అత్తగారు మురిపెంగా నావైపు చూశారు. ఉత్తరం చదివిన రోజే పట్టేశారట. రేవు దాటాక వేణుగోపాలస్వామి గుళ్లు రెండే ఉన్నాయి. వంటసాల కూలింది ఒక్కటే. చిన్నమ్మాయిగారి ఆడపడుచు కూతుర్ని ఆ పక్క ఊరే ఇచ్చారు. ఆ పిల్ల పురిటికి వచ్చినప్పుడు ఆరో వేలి సంగతి అడిగితే, అవును, అర్చకులుగారి భార్యే అందట. పాపం ఎంత కష్టమొచ్చిందో అని అరుగు మీద అందరూ కళ్లు తుడుచుకున్నారట. ఆ పిల్ల వెళ్లి పాపం అని అక్కడ చెప్పింది. అక్కడివాళ్లు పాపం అని ఇంకొకరికి చెప్పారు. ఒక్కరికీ చెడుబుద్ధి లేదు. జాలి పడుతూ పడుతూ ఆ మాటని చేతులు మార్చి గోదావరి దాటించేశారు. మావాళ్లకి జాలి కూడా ఒక కాలక్షేపమే.

మర్నాడు ఉదయమే ఎవరికీ చెప్పకుండా కోటిపల్లి బస్సెక్కి, పంటు మీద గోదావరి దాటి ఆ ఊరు వెళ్లాను. గుళ్లో పాతికేళ్ల అర్చకుడెవరో హారతి ఇస్తున్నాడు. శ్రీరామమూర్తిగారి ఇల్లు గుడి వెనకే. ఆయన అరుగు మీద కూర్చుని తులసిదండ కడుతున్నారు. నన్ను చూసి లేచి, లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చారు.

"ఎవరి తాలూకమ్మా?" అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం అంత కష్టమని ఆ రోజే తెలిసింది. దానవాయిపేట వెంకటరత్నమ్మగారి కోడలినని, మస్కట్‌లో ఉంటానని చెప్పాను. ఆయన చేతిలో దారం ఆగింది.

"మీరేనా అమ్మా. చాలా బాగా రాస్తారట" అన్నారు.

ఎత్తిపొడిచినా బాగుండేది. ఆయనకి అది రాదు. ఒక్కొక్కటీ నేనే అడిగితే తప్ప ఏమీ చెప్పలేదు. సంక్రాంతి ముందు పెద్దలు పిలిచి, మీ ఇంటావిడ చేసే పని మాకు తెలిసింది, మీరు స్వామిని ముట్టుకోవడం బాగుండదు అన్నారట. మర్యాదగానే అన్నారట. అప్పటినుంచి ఆయన రోజూ దండ కట్టి గుడి ప్రహరీగోడ మీద పెట్టి వస్తున్నారు. కొత్త అర్చకుడు తీసుకుంటాడో, పారేస్తాడో వెనక్కి తిరిగి చూడరు. నేను ఆయన కాళ్ల మీద పడబోతే వద్దని వెనక్కి జరిగారు.

"ఆవిడ మొదటి నెలలోనే నాకు రాసిందమ్మా, వండుతున్నది ఇదీ అని. వచ్చెయ్యమంటే వచ్చేస్తానంది. ఉండమనే రాశాను. ఆ పాపం నాది. ఆవిడ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టేశాను. కొన్ని ఉత్తరాలు పొయ్యిలో పెట్టెయ్యాలమ్మా."

మా అత్తగారు నా ఉత్తరాలన్నీ తేదీల వారీగా ట్రంకుపెట్టెలో దాచారు. కర్పూరం బిళ్లలు కూడా వేశారు.

వెళ్లొస్తానని లేచాక ఆయన ఒక్కటే కోరారు. పూజ ఇంకా తనే చేస్తున్నట్టు ఆవిడకి రాస్తున్నారట. డిసెంబరుకి ఆవిడ ఒప్పందం గడువు అయిపోతుంది. వచ్చాక దగ్గర కూర్చోబెట్టుకుని తనే చెప్పుకుంటారట. ఇప్పుడు తెలిస్తే తన మూలంగానే గుడి పోయిందని ఆ వంటింట్లో ఒక్కపూట కూడా నిలబడలేదు, అలాగని గడువు కాకుండా ఆ ఇంటివాళ్లు రానివ్వరు. చెప్పనని మాటివ్వమన్నారు. మాటిచ్చాను. ఇంత జరిగాక కూడా నా మాటకి విలువుందని ఆయన ఒక్కరే అనుకున్నట్టున్నారు.

మస్కట్ చేరిన రోజు సాయంత్రం కిందికి దిగకూడదనుకున్నాను. ఐదయ్యేసరికి రామతులసి డబ్బా దగ్గర నిలబడి మా కిటికీవైపే చూస్తోంది. దిగాను. సంచి కింద పెట్టకుండానే అడిగింది, వెళ్లారా, చూశారా, ఆయన పూజ చేస్తుంటే చూశారా అని.

నాకు రాయడం వచ్చు కదా, చెప్పడమూ వచ్చు. చెప్పాను. మడిపంచె కట్టుకుని ఆయన గర్భగుళ్లో నిలబడి తులసిదండ స్వామి మెడలో వేస్తున్నారని చెప్పాను. హారతి వెలుగులో పిల్లనగోవి మెరిసిందని, తీర్థమిస్తూ నన్ను ఎవరి తాలూకని అడిగారని చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. ఆరో వేలు కొంగు అంచు చుట్టూ తిరుగుతూనే ఉంది.

"నా మనసు కుదుటపడిందండి" అంది చివరికి. "ఇంకో రెండేళ్లకి కాగితం మీద సంతకం పెట్టమని వీళ్లు నెల రోజుల నుంచీ అడుగుతున్నారు. మీరు చూసొచ్చి చెప్పాక చూద్దామని ఆపాను. ఆయన స్వామి దగ్గరుంటే నాకు ఇక్కడ ఏం చేసినా పర్వాలేదు. రేపు పెట్టేస్తానండి."

నోరు తెరిచాను. చెప్పెయ్యడానికి రెండు ముక్కలు చాలు. కానీ ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చింది. ఆవిడకి వేసిన ఒట్టు నిలబెట్టుకోలేనిదాన్ని, ఈ మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

మంచిదండీ అన్నాను. ఆవిడ సంచి డబ్బాలో పడేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది. ఇంటికి చుట్టాలొస్తున్నారని, రెండు మేకలని, ఇప్పుడు మొదలుపెడితే తప్ప ఉడకవని చెప్పి గబగబా గేటులోకి వెళ్లిపోయింది.