మాట అందించే మనిషి

మూడో చొక్కా ఇస్త్రీ అయ్యేసరికి దానమ్మ ఎడమ చెయ్యి మళ్ళీ బరువెక్కింది. ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, చేతిని రెండుసార్లు విదిలించి, గోడకు ఆనుకుని కూర్చుంది. కింద పైపుల కొట్టువాళ్ళు షట్టరు ఎత్తుతున్నారు. ఉప్పల్ పెద్దరోడ్డు మీది మెట్రో స్తంభాల సందుల్లోంచి ఎండ పట్టీలు పట్టీలుగా గదిలో పడుతోంది.

ఆ ఒక్క గదే ‘మూడో గంట’ నాటక సమితి. పైన రేకులు. మూలన నాలుగు చెక్కపెట్టెలు. వాటిల్లో కిరీటాలూ గదలూ ఏమీ ఉండవు. పాత చొక్కాలు, లుంగీలు, ఒక పోలీసు టోపీ, రెండు చేటలు, జుట్టు తెల్లబరచడానికి పౌడరు డబ్బా. ఆ బట్టలు ఉతికి ఇస్త్రీ చెయ్యడం, గది ఊడవడం, రిహార్సలు రోజుల్లో చాయ్ పెట్టడం దానమ్మ పని. కరపత్రంలో అందరి పేర్లూ అయ్యాక, మైకు సెట్టువాళ్ళ పేరు కూడా అయ్యాక, అడుగున ‘సహకారం: దానమ్మ’ అని ఉంటుంది. ఏం సహకారమో రాయరు.

ఆట జరుగుతున్నప్పుడు నటులు మరిస్తే ఆమె మాట అందిస్తుంది.

ఈవేళ ఈ ఏడాదికి ఆఖరి ఆట. నాగారంలో, సాయంత్రం అయిదున్నరకు. జూన్ నుంచి ఆడినవన్నీ ఆమె ముందు బట్టల కుప్పగా పడి ఉన్నాయి. ఆ నీలం చీర నాచారం చర్చి ఆవరణలో ఆడినది. తాగుడు మీద నాటకం. చర్చి పెద్దలు సీసా కనపడకూడదన్నారు. సమితి నడిపే నరేందర్ తాగుబోతు చేతిలో కొబ్బరినూనె డబ్బా పెట్టించాడు. కొబ్బరినూనె తాగి తూలుతున్నాడని ముందు కూర్చున్న పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ కాగితపు తలపాగాలు కాప్రా బడిలో పన్నెండు రోజులు పిల్లలకు నాటకం నేర్పినప్పటివి. ఆ గోనెసంచులు జవహర్‌నగర్‌వి. అక్కడ చెత్త ఏరే ఆడవాళ్ళు ఆట మధ్యలోనే లేచి, ‘సంచి గట్ల ఎత్తరు బిడ్డా, నడుం పోతది’ అని వేషం కట్టిన సూర్యకళ చేతిలోంచి లాక్కుని ఎత్తి చూపించారు. ఆ తర్వాత సూర్యకళ అన్ని ఊళ్ళలోనూ అలాగే ఎత్తింది.

అన్నిటికంటే అడుగున ఒక గొంగడి. ‘బావి’ నాటకంలో ముసలాయన కప్పుకునేది. దాన్ని ఇస్త్రీ చెయ్యరు. దానమ్మ దులిపి ఎండలో వేసింది.

పదకొండింటికి మురళీధర్ మెట్లెక్కి వచ్చాడు. ఆ ముసలాయన వేషం ఆయనదే. రైల్వేలో గూడ్సు బండి గార్డుగా రిటైరయ్యి, కొడుకు దగ్గర నాచారంలో ఉంటున్నాడు. సొంతూరు కోస్తాలో బిట్రగుంట. తెలంగాణ ముసలాయనలాగ మాట్లాడటం ఆయనకు దానమ్మే నాలుగు నెలలు కూర్చోబెట్టి నేర్పింది.

“అందరూ ఏరీ?” అన్నాడు గదంతా చూసి.

“రెండు గంటలకు రమ్మన్నరు సారూ. నిన్న జెప్పిన్రు గదా.”

“చెప్పారా?” ఆయన చెప్పులు విడవబోయి ఆగి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ విడిచాడు. “అవును. చెప్పారు.”

దానమ్మ చాయ్ పోసి ఇచ్చింది. ఆయన తాగి గ్లాసు కింద పెట్టి, కాసేపటికి, “కాస్త చాయ్ ఉందా దానమ్మా?” అన్నాడు. ఆమె మళ్ళీ పోసింది.

నవంబరులో కాప్రాలో ఆడినప్పుడు మొదటిసారి ఆమెకు తెలిసింది. మాట మరవడం ఎవరికైనా ఉన్నదే. ఆయన మాట మరవలేదు, తను ఎక్కడ నిలబడ్డాడో మరిచాడు. ఆ కళ్ళు ముందు వరుసలో ఆమెను వెతుక్కుని, ఆమె పెదవులు దొరికాక గానీ నిలబడలేదు. ఆట అయ్యాక పక్కకు పిలిచి, “ఎవరికీ చెప్పకు” అన్నాడు. ఆమె చెప్పలేదు.

“ఇవ్వాళ వాళ్ళొస్తారు కదా, నాటక పరిషత్తువాళ్ళు,” అన్నాడు మురళీధర్.

“ఒక్కడే వస్తడంట. సూసి నచ్చితే పోటీలకు పిలుస్తరంట.”

“నచ్చకపోతే ఈ వేషం, బ్రోకరు వేషం కట్టే తేజేష్‌కి ఇస్తానన్నాడు నరేందర్. నాతో అనలేదులే. సూర్యకళతో అంటుంటే విన్నాను.” ఆయన గ్లాసును అరచేతుల మధ్య తిప్పాడు. “ఇంట్లో నాకు మాట్లాడే పని ఉండదు దానమ్మా. అందరూ మంచివాళ్ళే. కానీ పని ఉండదు. ఇక్కడైతే నలభై నిమిషాలు మాట్లాడతాను.”

“ఎవ్వరికియ్యరు. నేను లేనా?”

“పోటీల్లో మాట అందిస్తే మార్కులు కోస్తారట.”

“ఎన్కనుంచి గొంతెత్తి అందిస్తె గోస్తరు. ముందట కూసున్న ముసల్ది గొణుక్కుంటె ఎవనికేంది? పిచ్చిదనుకుంటరు.”

మురళీధర్ నవ్వాడు. నవ్వు బాగానే ఉంది, ఎక్కడా మరపు లేదు.

ఆమె తన పొడుగు నోటుబుక్కు తీసింది. ప్రతి నాటకాన్నీ ఆమె లావు అక్షరాలతో తిరగ రాసుకుంటుంది. అచ్చు కాగితం ఆమె కళ్ళకు ఆనదు. అక్కడక్కడా పెన్సిలుతో చిన్న శిలువలు. నరేందర్ వాటిని ప్లస్సులంటాడు. అవి ఆగవలసిన చోట్లు.

ఆ ఆగడం ఆమెది. నాచారంలో బట్టల మిల్లులో ఇరవై రెండేళ్ళు పని చేసింది. మగ్గాలు నడుస్తుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. అక్కడి ఆడవాళ్ళందరూ పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. పిల్లల జ్వరాలు, మొగుళ్ళ దెబ్బలు, కూరల ధరలు, అన్నీ చప్పుడు లేకుండా. భర్త జ్ఞానయ్య పోయిన కబురు కూడా ఆమెకు అలా ఒకామె పెదవుల మీదే తెలిసింది. మిల్లు మూతపడ్డాక ఈ గది ఊడవడానికి వచ్చింది. మొదటిసారి సమితి ఉప్పల్‌లో కూలీల అడ్డా మీద ఆడింది. తెర లేదు, చాటు లేదు, మాట అందించేవాళ్ళు దాక్కోను చోటు లేదు. ఒక కుర్రవాడు మాట మరిచి బిగుసుకుపోయాడు. జనంలో కూర్చున్న దానమ్మ పెదవులు కదిపింది. వాడికి అందింది.

అప్పటినుంచి ఆమె చోటు ముందు వరుస. ఒక ప్లాస్టిక్ స్టూలు, వీపు ఆనించుకోను షామియానా గుంజ. పెదవులు కదిలితే మాట. మూస్తే ఆగాలి. జనం నవ్వు అయ్యేదాకా, లేదా లోపల ఏదో గుచ్చుకుని అది సర్దుకునేదాకా ఆమె తెరవదు, నటులు కదలరు. ఎవరూ దీన్ని సూత్రంగా పెట్టలేదు. అలా కుదిరింది. “నేను ముప్పై మూడేళ్ళు సిగ్నల్ చూసి బతికినవాణ్ణి. నీ నోరు మూసుకుంటే నాకు ఎర్రదీపం,” అంటాడు మురళీధర్.

“ఆఖరు మాటలు జెప్పుండ్రి,” అంది దానమ్మ.

‘బావి’లో ముసలాయన పెరటి బావిని పూడ్చి ప్లాట్లు చేస్తారు. ఆఖరున ఆయన ప్లాట్లు కొన్నవాళ్ళతో, అంటే చూస్తున్న జనంతో మాట్లాడతాడు.

“నేల మీద చెవి పెట్టి వినుండ్రి,” అన్నాడు మురళీధర్. తర్వాత ఆమె ముఖం వైపు చూశాడు.

ఆమె పెదవులు కదిపింది. ఆయన వాటి వెంట నడిచాడు.

“బావి పూడ్చిన్రు. నీళ్ళను పూడ్చలే. నీళ్ళు ఇంకో దిక్కు సూసుకున్నయ్, గంతే. మీ ఇండ్ల కింద ఉన్నయ్. మీ వంటింటి కింద ఉన్నయ్. మీరు పండుకున్నంక ఊరుతయ్. నా పేరు మీకు యాదికి లేకున్నా, నీళ్ళకు యాదికుంటది.”

ఏడు వాక్యాలు. పదిసార్లు చెప్పించింది. పదోసారి పెదవులు కదపకుండా చూసింది. మూడు వచ్చాయి.

*

టెంపోలో పెట్టెల మధ్య సూర్యకళ ఆమె పక్కన కూర్చుంది. నాటకంలో ఆమె ముసలాయన కోడలు. బయట పిండిగిర్నీలో పని చేస్తుంది.

“అక్కా, గిట్ల చెమటలేంది నీకు? మార్చిలనే గింతనా?”

“ఇస్త్రీ కాడ కూసున్న గదా. గ్యాసు గోలి ఏసుకున్న.”

“పెద్దమ్మ గ్యాసు గోలీలు మా తాత బఠానీలు తిన్నట్టు తింటది,” అంది ఎదురుగా కూర్చున్న చాందిని. కాలేజీ పిల్ల, డప్పు కొడుతుంది. అందరూ నవ్వారు. దానమ్మ కూడా నవ్వింది.

సూర్యకళ నవ్వలేదు. “దార్ల దవాఖానా ఉంది. దిగుదాం పా. పది నిమిషాల పని.”

దానమ్మ ముందు సీటులో కూర్చున్న మురళీధర్ తల వెనకభాగం చూసింది. ఆయన పెదవులు కదుపుకుంటున్నాడని మెడ నరాలు చెబుతున్నాయి. దవాఖానాలో పడుకోబెడితే లేవనియ్యరు. ఆమెకు ఆ సంగతి జ్ఞానయ్యను చేర్చినప్పుడు తెలిసింది.

“ఆట అయినంక పోదాం. ఫికర్ జెయ్యకు,” అంది.

నాగారంలో ఆటస్థలం కొత్త కాలనీలో కమ్యూనిటీ హాలు ముందున్న ఖాళీ నేల. చుట్టూ సగం కట్టిన ఇళ్ళు, పేర్లు రాసిన హద్దురాళ్ళు. ఆడవాళ్ళు ఇళ్ళనుంచి కుర్చీలు తెచ్చుకుని వేసుకున్నారు. రెండో వరుసలో తెల్లచొక్కా మనిషి ఒకాయన, చేతిలో చిన్న పుస్తకం. పరిషత్తు మనిషి ఆయనే. నరేందర్ ఆయనకు నీళ్ళు ఇచ్చి, దానమ్మ దగ్గరికి వచ్చి వంగాడు.

“అక్కా, ఇయ్యాల జర తక్కువ కదుపు. ఆయనకు కనబడొద్దు.”

“నా ఎన్కనే కూసున్నడు గదా. నా ముఖం ఎట్ల కనబడ్తది?”

“అది గూడ కరెక్టే,” అని నరేందర్ గంట కొట్టడానికి వెళ్ళాడు.

ఆమె స్టూలు గుంజకు దగ్గరగా జరుపుకుని, వీపు ఆనించి, నోటుబుక్కు ఒడిలో పెట్టుకుంది. ఆట మొదలని మూడో గంట మోగింది. చాందిని డప్పు మీద చెయ్యి వేసింది.

ఆట బాగా నడిచింది. ప్లాట్ల బ్రోకరు వేషంలో తేజేష్ టేపు పట్టుకుని జనం కుర్చీలు కూడా కొలిచేస్తుంటే ఒకావిడ, “నా కుర్చీ అమ్మేది లేదయ్యా,” అంది. అందరూ గొల్లుమన్నారు. దానమ్మ నోరు మూసి ఆ నవ్వుకు చోటిచ్చింది. రెండుసార్లు మురళీధర్ కళ్ళు ఖాళీ అయ్యాయి. రెండుసార్లూ ఆమె ముఖం మీదికి వచ్చి నిండి వెళ్ళాయి. ఆమె గడ్డం కింద చెమట మెడలోకి జారుతోంది. ఛాతీ మీద ఎవరో మడిచిన బట్టలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నట్టుంది. ఇంకెంత, ఏడు వాక్యాలు అనుకుంది.

మురళీధర్ ముందుకు వచ్చాడు. గొంగడి భుజం మీద సర్దుకున్నాడు. పొద్దు ఆయన వెనక హద్దురాళ్ళ మీదికి దిగింది.

“నేల మీద చెవి పెట్టి వినుండ్రి,” అన్నాడు. ఆమె వైపు చూశాడు.

బావి అని అందించడానికి దానమ్మ పెదవులు కలిపింది.

*

పెదవులు మూసి ఉన్నాయి. మురళీధర్ ఆగాడు.

ఇక్కడ ఆగడం ఉన్నట్టు ఆయనకు గుర్తు లేదు. కానీ గుర్తు లేనివి చాలా ఉన్నాయి, ఆమెకు అన్నీ తెలుసు. జనం గుసగుసలు తగ్గాయి. ఆమె ఇంకా తెరవలేదు. కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. ఇంకా వాళ్ళకు లోపలికి దిగలేదు కాబోలు, దిగనీ అనుకున్నాడు. దూరంగా సిమెంటు కలిపే యంత్రం ఒకటి తిరిగి తిరిగి ఆగింది. ఒక చిన్నపిల్ల ఏదో అడగబోతే తల్లి నోరు మూసింది. ముందు వరుసలో ఒక ముసలాయన నిజంగానే తల వంచి నేల వైపు చెవి పెట్టాడు. ఆయన్ను చూసి ఇంకొకావిడ. ఆ నేలంతా నిశ్శబ్దమైపోయింది. మురళీధర్ ఎర్రదీపం దగ్గర నిలబడ్డ బండిలాగ, ఏ తొందరా లేకుండా, ఆమె పెదవులు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి సూర్యకళ భయపడి ముందుకొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఏడు వాక్యాల తర్వాత ఆమె చెప్పవలసిన మాట అప్పుడే చెప్పేసింది.

“పా మామా. పొద్దుగూకింది.”

డప్పు ఒక్క దెబ్బ. ఆట అయిపోయింది. చప్పట్లు ఆలస్యంగా మొదలై చాలాసేపు ఆగలేదు.

తెల్లచొక్కా మనిషి నేరుగా వచ్చి మురళీధర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఆ ఆగడం ఏందండీ! నేను వందల నాటకాలు చూసిన. అంతసేపు ఆగే ధైర్యం ఎవ్వరికి లేదు. మీరు పోటీలకు వస్తున్నరు. మాటలు అందియ్యకుండ గిట్లనే ఆడుండ్రి.”

నరేందర్ ముఖం వెలిగిపోయింది. “అక్కా, ఇన్నవా? పరిషత్తుకు పోతున్నం!” అంటూ గుంజ దగ్గరికి పరిగెత్తాడు. నరేందర్ భుజం మీద చెయ్యి వేసినా దానమ్మ తిరగలేదు. సూర్యకళ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. తర్వాత రెండో చెయ్యి కూడా పట్టుకుంది. “ఆట అయినంక పోదామంటివి గదనే,” అంది మెల్లగా, ఇంకా వింటుందన్నట్టు.

అంబులెన్సు వచ్చి, అందులోవాళ్ళు చూసి, తల అడ్డంగా ఊపి, అయినా ఎక్కించుకున్నారు. సూర్యకళ, నరేందర్ వెంట వెళ్ళారు. జనం కుర్చీలు ఎత్తుకుని ఇళ్ళకు పోయారు. ఏడుస్తూనే చాందిని బట్టలు పెట్టెల్లో సర్దుతోంది. తేజేష్ షామియానా తాళ్ళు విప్పుతున్నాడు.

మురళీధర్ గొంగడితోనే స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. కింద పడి ఉన్న నోటుబుక్కు తీసి ఆఖరి పేజీ తెరిచాడు. వేలు పెట్టి ఒక్కో వరుస దిగుతూ శిలువ గుర్తు కోసం వెతికాడు. ముందు పేజీలో రెండున్నాయి. ఈ పేజీలో ‘వినుండ్రి’ ఉంది, దాని పక్కనే ‘బావి’ ఉంది. మధ్యలో ఏమీ లేదు. కాగితాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు, చెరిపిన జాడ ఏమైనా ఉందేమోనని. లేదు.

“సార్,” అంది చాందిని. “పుస్తకం పెట్టెల పెట్టాల్నా?”

ఆయన ఆ పిల్ల పెదవుల వైపు చూశాడు. వాటిలో ఆయనకు కావలసిన మాట లేదు.

“ఉండనీ అమ్మా,” అని పుస్తకాన్ని తెరిచినట్టే స్టూలు మీద పెట్టాడు.

స్టూలు మీద లావు అక్షరాల పేజీ తెరిచి ఉంది, ఆమె రెండు కొనలూ చెక్కి పెట్టుకున్న పెన్సిలు ఎవరూ చెప్పని ఏడు వాక్యాల మీద అడ్డంగా పడి ఉంది.