మా డ్రెయిను కేసు

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఎడమ చేత్తో రాస్తున్నాను కాబట్టి ఈ కాస్త రాయడానికే చాలా రోజులు పట్టింది.

కొత్త బైపాసును మా పాలేనికీ పొలాలకూ మధ్యనుంచి వేస్తున్నారు. రోడ్డు కోసం పర్యావరణ నివేదిక తయారుచేసిన వాళ్లు అక్కడ నీరు పారే కాలవే లేదని రాశారు. కాలవ ఉంది. వానాకాలం పొలాల నీళ్లన్నీ ఆ డ్రెయినులోంచే సముద్రానికి పోతాయి. పెద్ద వరద వచ్చిన ఏడాది అది పూడిపోయి ఉండబట్టే నీళ్లు ఇళ్ల మీదికొచ్చాయి. మా ఆయన శౌరయ్య మేకల్ని విప్పబోయి కొట్టుకుపోయాడు. ఇప్పుడు ఆ డ్రెయిను మీద రోడ్డుకు మట్టికట్ట వేస్తే ఈసారి పాలెమే మునుగుతుంది. అందుకే నేనూ, మా మరిది యేసుబాబూ చెన్నై హరిత ట్రిబ్యునల్‌లో కేసు వేశాం.

విచారణ సోమవారం. శనివారం పొద్దున మేమిద్దరం డ్రెయిను గట్టున గడ్డి కోస్తున్నాం. రోడ్డుకు మట్టి తోలే రత్తయ్య టిప్పరులో వచ్చాడు. వెంట ముగ్గురు మనుషులు.

“ఏమే అమలమ్మా, చెన్నై కోర్టుకెక్కావంట! అక్కడే కాపరం పెడతావా?”

“మీ టిప్పర్ల దుమ్ముకి కళ్లు మండుతున్నాయండీ. సముద్రం చూస్తే చల్లబడతాయేమోనని.”

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. రత్తయ్య నవ్వలేదు. కేసు వెనక్కి తీసుకుంటున్నట్టు రాయించిన కాగితం తీశాడు. “ఇద్దరూ సంతకాలు పెట్టండి. కేసు కాయితంలో ఎట్టా పెట్టారో అట్టానే. వేలిముద్రలు కుదరవు.”

“పెట్టం,” అన్నాడు యేసుబాబు.

ఇనుపరాడ్డుతో అతని మోకాలి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. పడిపోయాక కూడా కొట్టారు, డొక్కల మీద, నోటి మీద. గడ్డిలో పళ్లు ఉమ్మి, “వదినా, పెట్టెయ్యి, చంపేస్తారు,” అని ఏడ్చాడు. పడుకునే సంతకం పెట్టాడు.

నా చేతిలో కొడవలి ఉంది. దగ్గరికొచ్చినవాడి ముంజేతి మీద వేశాను. కండ విచ్చుకుంది. వాడు నన్ను జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి, నా కుడిచెయ్యి టిప్పరు వెనక డోరు సందులో పెట్టాడు. ఎత్తి పట్టుకున్న డోరును రెండోవాడు వదిలేశాడు.

నేను అరిచానో లేదో తెలియదు. రత్తయ్య అరుపు మాత్రం వినపడింది.

“ఒరేయ్ దరిద్రుడా, సంతకం పెట్టాల్సిన చెయ్యిరా అది!”

“మీరే పట్టమన్నారు కదండీ!”

“పట్టమన్నాన్రా, నలపమన్నానా?”

ఆ వేళ్లలోనే పెన్ను పెట్టబోయాడు. జారిపోయింది. మళ్లీ పెట్టాడు. ఆఖరికి పెన్ను నా మొహాన కొట్టి, యేసుబాబు సంతకం ఉన్న కాగితం జేబులో పెట్టుకుని పోయాడు. ఆస్పత్రిలో నాకు మూడు వేళ్లు తీసేశారు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు.

సోమవారం నన్ను విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా లాయరు శ్రీదుర్గ గారి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు, చెన్నై విచారణ అందులోనే జరిగింది. యేసుబాబు తప్పుకున్నాడని అవతలి లాయరు చెప్పాడు.

“మరి రెండో ఆవిడ?” అని జడ్జిగారు అడిగారు.

“ఉన్నారండీ,” అన్నారు శ్రీదుర్గ గారు.

ఒక్కరున్నా కేసు నడుస్తుందట. డ్రెయినును కొలిచి నివేదిక మళ్లీ రాసేదాకా అక్కడ మట్టి పోయకూడదని ఆర్డరు వచ్చింది.

ఆ మధ్యాహ్నమే నా తాటాకింటికి నిప్పుపెట్టారు. బిందెలతో పరిగెత్తుకొచ్చిన ఆడవాళ్లను రాడ్లతో తరిమారు. ఇంకో చెయ్యి ఉందిగా, అది కూడా చూస్తామని రత్తయ్య కబురు పంపాడు.

వచ్చే వాయిదాకీ వెళ్తానని తిరుగు కబురు పంపాను.

గద్దల అమలమ్మ,
వయసు యాభై ఎనిమిది,
ప్రస్తుతం అద్దె గదిలో, భవానీపురం, విజయవాడ.